చెయ్యి చేసుకోలేదు, కానీ కొత్తిమీరకు కూడా లెక్క చెప్పాలి

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరు. మా అమ్మాయికి పెళ్లయి ఆరేళ్లయింది, హైదరాబాద్‌లో ఉంటుంది. నాలుగేళ్ల పాప. అల్లుడిది మంచి ఉద్యోగం. తాగడు, చెయ్యి చేసుకోడు, పదిమందిలో గట్టిగా కూడా మాట్లాడడు. కానీ అమ్మాయి ఎప్పుడు ఫోను చేసినా స్పీకర్ పెట్టే మాట్లాడుతుంది. ఎం.ఎస్సీ. చదివి బడిలో పాఠాలు చెప్పేది, పాప పుట్టాక ఆ ఉద్యోగం మాన్పించాడు. సంక్రాంతికి వచ్చి రెండు రోజులుండి వెళ్లింది. బస్టాండులో నన్ను పక్కకు పిలిచి యాభై రూపాయలు అడిగింది. ఆమె వెళ్లాక గదిలో ఒక నోటుపుస్తకం కనిపించింది, పొరపాటున మిగిలిపోయినట్టుంది. కిందటేడు ఇంటి ఖర్చు లెక్కలు. కొత్తిమీర 10, పాపకు బిస్కెట్లు 20, ఆటో 40. ప్రతి పేజీ చివర అల్లుడి సంతకం, కొన్నిచోట్ల ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. పండగనాడు తను ఏదో చెప్పబోతే, సర్దుకుపోవాలమ్మా అన్నాను. లండన్‌లో ఉండే మా మేనల్లుడు, అక్కడ ఇలాంటి దానికి జైలుశిక్ష ఉందంటున్నాడు. మన దగ్గర ఏ చట్టమైనా ఉందా? కొట్టలేదు కదా, ఏమని ఫిర్యాదు చేస్తాం? వాళ్లుంటున్న ఫ్లాటు వియ్యపురాలి పేరున ఉంది. నలుగురు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వెళ్లి అమ్మాయినీ పాపనూ తీసుకొచ్చేద్దామా? – ఒక తండ్రి

సమాధానం:

మాస్టారూ, ముందు ఆ పుస్తకం సంగతి మాట్లాడుకుందాం. పొరపాటున మిగిలిపోయిందని రాశారు. నాకు అలా అనిపించడం లేదు. పది రూపాయల కొత్తిమీరకు కూడా లెక్క రాసి సంతకం పెట్టించుకోవలసిన మనిషి, ఏడాది లెక్కల పుస్తకాన్ని పండగ బట్టల మధ్య పెట్టి ఊరికి తెచ్చి, మీ ఇంట్లో మరిచిపోయి వెళ్తుందా? నోటితో చెప్పబోయింది. మీరు సర్దుకుపొమ్మన్నారు. చెప్పదలచుకున్నది మీ గదిలో పెట్టి వెళ్లింది. నా అంచనా తప్పు కావచ్చు. అయినా మీరు మాత్రం అదే నిజమనుకుని నడుచుకోండి.

మీ మొదటి ప్రశ్నకు జవాబు: చట్టం ఉంది. 2005లో పార్లమెంటు చేసిన గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. గృహహింస అంటే దెబ్బలు మాత్రమే కాదని అందులోని మూడో సెక్షన్ చెబుతుంది. శారీరక హింస, లైంగిక హింస, మాటలతో మనసును గాయపరిచే హింస, ఆర్థిక హింస, ఈ నాలుగింటినీ ఒకే వరుసలో నిలబెట్టింది. ఒంటిమీద గాయం చూపిస్తేనే ఫిర్యాదు తీసుకుంటామని ఆ చట్టంలో ఎక్కడా లేదు.

ఈ చట్టం కింద 2006లో వచ్చిన నియమాలలో ఒక ఫారం ఉంది. గృహ సంఘటనల నివేదిక అంటారు, కార్యాలయాల్లో అందరూ డి.ఐ.ఆర్. అనే పిలుస్తారు. ఇరవై ఏళ్లకు పైగా ఈ కేసుల్లో తిరుగుతున్నాను, నా బల్ల సొరుగులో దాని ఖాళీ ప్రతులు ఎప్పుడూ ఉంటాయి. మీ ఉత్తరం చదివాక ఒకటి తీసి ముందు పెట్టుకున్నాను. ఏ హింస జరిగిందో గుర్తు పెట్టడానికి అందులో వరుసగా అంశాలుంటాయి. ఉద్యోగం చేయనివ్వకపోవడం, ఉన్న ఉద్యోగం మాన్పించడం. ఇల్లు కదలనివ్వకపోవడం. ఫలానా వ్యక్తిని కలవనివ్వకపోవడం. ఇల్లు గడవడానికి, పిల్లల పోషణకు డబ్బు ఇవ్వకపోవడం. ఆమె జీతం ఆమెను వాడుకోనివ్వకపోవడం. మీ ఉత్తరంలో ఒక్కో వాక్యం చదువుతుంటే నా పెన్ను ఆ ఫారంలో ఒక్కో గడి దగ్గర ఆగింది. ఏమని ఫిర్యాదు చేస్తామని అడిగారు. ఇదిగో, ఇలాగని చేస్తారు. ప్రభుత్వమే ఆ మాటలు ముందుగా అచ్చువేసి పెట్టింది.

ఇక లండన్ మాట. మీ మేనల్లుడు చెప్పింది నిజమే. దీన్ని అక్కడ కోయర్సివ్ కంట్రోల్ అంటారు. మన భాషలో చెప్పాలంటే మనిషిని గుప్పిట్లో పెట్టుకోవడం. ఎవరితో మాట్లాడాలి, ఏం కట్టుకోవాలి, ఎంత ఖర్చు పెట్టాలి అన్నవన్నీ ఒకరే నిర్ణయిస్తూ, రెండోవారు ప్రతిదానికీ భయపడుతూ బతికేలా చేయడం. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015 నాటి తీవ్ర నేరాల చట్టంలోని 76వ సెక్షన్ దీన్ని నేరం చేసింది. శిక్ష ఐదేళ్ల వరకు. స్కాట్లాండ్ 2018లో చేసిన చట్టంలో అయితే పద్నాలుగేళ్ల వరకు పడవచ్చు. ఈ చట్టాలు ఒక్క సంఘటనను విడిగా చూడవు. మళ్లీమళ్లీ జరిగిన తీరును మొత్తంగా చూస్తాయి. కొత్తిమీర లెక్క ఒక్కరోజు అడిగితే అది పొదుపు కావచ్చు. మూడు వందల అరవై అయిదు రోజులూ అడిగి, సంతకం పెట్టి, ఎర్ర సిరాతో గుర్తు పెడితే అది వేరు.

మన దగ్గర ఆ పేరుతో విడిగా నేరం లేదు. గృహహింస చట్టం ప్రధానంగా సివిల్ స్వభావం కలది. అంటే భర్తను ముందే జైలుకు పంపదు. ముందుగా మేజిస్ట్రేటు కోర్టు ఉత్తర్వు ఇస్తుంది. ఫలానా పని చేయవద్దు, ఆమెను ఇంట్లోంచి పంపవద్దు, ఖర్చులకు ఇంత ఇవ్వు అని. ఆ రక్షణ ఉత్తర్వును అతను మీరితే అప్పుడది నేరమవుతుంది. ఏడాది వరకు జైలు, 20 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. దీన్ని లోపమనే న్యాయవాదులు ఉన్నారు. నా అనుభవంలో మాత్రం మీ అమ్మాయిలాంటి వారికి ఇదే నప్పుతుంది. భర్తను జైల్లో పెట్టించాలని వీరిలో చాలామంది కోరుకోరు. ఫోను స్పీకర్ పెట్టకుండా అమ్మతో మాట్లాడాలని కోరుకుంటారు. మళ్లీ బడికి వెళ్లి పాఠాలు చెప్పుకోవాలని కోరుకుంటారు.

క్రిమినల్ దారి కూడా ఉంది. భార్య పట్ల భర్త, అత్తింటివారు చూపే క్రూరత్వాన్ని నేరం చేస్తూ 1983లో శిక్షాస్మృతిలో చేర్చిన 498ఎ సెక్షన్ పేరు మీరు వినే ఉంటారు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 85, 86 సెక్షన్లుగా ఉంది. మానసిక ఆరోగ్యానికి తీవ్రమైన హాని చేసే ప్రవర్తన కూడా అందులో క్రూరత్వమే. ఆ దారిలో వెళ్లాలా వద్దా అన్నది అమ్మాయి నిర్ణయం, మీది కాదు, నాది కాదు. ముందు ఈ దారిలో వెళ్లినంత మాత్రాన ఆ దారి మూసుకుపోదు.

కాగితం మీద చట్టం బాగుంది, నడిపించే మనుషులు చాలరు. ఇది మీ దగ్గర దాచను. ప్రతి జిల్లాలో రక్షణాధికారి అనే ఒక అధికారి ఉండాలి. ఫిర్యాదు తీసుకోవడం, డి.ఐ.ఆర్. రాయడం, కోర్టుకు చేర్చడం, ఉత్తర్వు వచ్చాక అది అమలయ్యేలా చూడడం, అన్నీ ఆ ఒక్కరి బాధ్యతలే. చాలాచోట్ల ఆ కుర్చీలో ఉన్న అధికారికి ఇది పది పనుల్లో ఒకటి. 2023లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన లెక్కల ప్రకారం ఈ చట్టం కింద దేశంలో 4 లక్షల 70 వేలకు పైగా కేసులు పెండింగులో ఉన్నాయి. 2025 మేలో అదే కోర్టు, జిల్లా స్థాయిలోనూ తాలూకా స్థాయిలోనూ రక్షణాధికారులను నియమించాలని రాష్ట్రాలను మళ్లీ ఆదేశించింది. చట్టం వచ్చి ఇరవై ఏళ్లు కావస్తున్నా ఆ మాట చెప్పించుకోవలసి రావడం నాకు బాధగా ఉంటుంది. కొత్త నేరం, కొత్త సెక్షన్ కావాలని సభల్లో అడుగుతుంటారు. నన్నడిగితే, ముందు ప్రతి మండలానికి ఈ పని తప్ప వేరే పని లేని ఒక రక్షణాధికారిని, ఆ అధికారికి ఒక జీపునూ ఇవ్వమంటాను.

పోలీసు స్టేషన్ గురించి కూడా ఒక మాట. కొన్నేళ్ల కిందట ఒకామెతో నేనూ స్టేషనుకు వెళ్లాను. ఏ ఊరో చెప్పను. ఆమె భర్త ఆఫీసుకు వెళ్తూ బయట తాళం వేసుకుని వెళ్లేవాడు. అక్కడి అధికారి మొదట అడిగిన ప్రశ్న, ఎక్కడ కొట్టాడో చూపించు అని. ఆమె తెలియకుండానే చీర కొంగు సర్దుకుంది. చూపించడానికి ఏమీ లేదు. ఆ తర్వాత భర్తను పిలిపించారు, ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టారు, కౌన్సెలింగ్ అన్నారు. అతను తెల్లకాగితం మీద ఇకపై బాగా చూసుకుంటానని రాసి ఇచ్చాడు. ఇద్దరినీ ఒకే ఆటోలో ఇంటికి పంపారు. ఆ ఆటో మలుపు తిరిగేదాకా ఆమె వెనక్కి చూస్తూనే ఉంది. ఆ చూపు నేను మరిచిపోలేదు. ఇది జరగకూడదని నియమాల్లోనే ఉంది. ఈ చట్టం కింద కౌన్సెలింగ్ పెడితే, తాను చేసినదానికి కారణాలు చెప్పి సమర్థించుకోవడానికి భర్తకు వీల్లేదు. మళ్లీ అలా చేయనని హామీ ఇవ్వాలి. రాజీ పేరుతో ఆమెను నోరు మూసుకోమనడం కౌన్సెలింగ్ కాదు.

అందుకే పెద్దమనుషులతో వెళ్తామన్న మీ ఆలోచనను వదులుకోమని గట్టిగా చెబుతున్నాను. నలుగురు పెద్దలు వెళ్తే అక్కడ జరిగేది కూడా ఇదే. అల్లుడు మర్యాదగా కాఫీలు ఇప్పిస్తాడు. తనది జాగ్రత్త తప్ప మరేమీ కాదంటాడు. లెక్కలు రాయడం తప్పా అని అడుగుతాడు. పెద్దలు అమ్మాయి వైపు తిరిగి సర్దుకుపొమ్మంటారు. మీరు బస్సెక్కాక ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మనకు తెలియదు.

దీనికంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. మిమ్మల్ని భయపెట్టాలని కాదు, తెలిసి ఉండాలని చెబుతున్నాను. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో హానా క్లార్క్ అనే ఆమె ఉండేది. భర్త ఆమెను ఏళ్ల తరబడి గుప్పిట్లో పెట్టుకున్నాడు, ఏం తొడుక్కోవాలో కూడా అతనే చెప్పేవాడు. కొట్టడం లేదు కాబట్టి అది హింస అని ఆమెకే అనిపించలేదు. చివరికి పిల్లలతో బయటికి వచ్చి పుట్టింట్లో ఉంటుండగా, 2020 ఫిబ్రవరిలో అతను ఆమెనూ ముగ్గురు పిల్లలనూ కారులో నిప్పంటించి చంపేశాడు. ఆమె తల్లిదండ్రులు పోరాడారు. క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 2024లో దీన్ని పద్నాలుగేళ్ల వరకు శిక్ష పడే నేరంగా చేసింది, 2025 మే నుంచి అది అమల్లో ఉంది. మీ అల్లుడు అలాంటివాడని నేను అనడం లేదు. అయితే గుప్పిట్లో పెట్టుకున్న మనిషి చేయి జారిపోతున్నట్టు తెలిసిన రోజే అన్నిటికన్నా ప్రమాదకరమని ఈ రంగంలో పనిచేసే ఎవరిని అడిగినా చెబుతారు. కాబట్టి బయటికి రావాలో వద్దో, ఎప్పుడు రావాలో అమ్మాయే తేల్చుకోవాలి. మీరు ఆ రోజుకు కావలసినవి సిద్ధం చేసి పెట్టాలి, అదీ చడీచప్పుడు లేకుండా.

ఏమేం సిద్ధం చేయాలి? ఆ పుస్తకంలో ప్రతి పేజీనీ ఫోటో తీసి, అసలు పుస్తకాన్ని బీరువాలో భద్రంగా పెట్టండి. ఆయన సంతకాలు ఆయనే పెట్టారు, ఇంతకన్నా సాక్ష్యం దొరకడం కష్టం. పెళ్లి ఫోటోలు, మీరు పెట్టిన బంగారం రసీదులు, అమ్మాయి డిగ్రీ సర్టిఫికెట్లు మీ దగ్గరే ఉన్నాయా చూడండి. పాప జనన ధ్రువపత్రం, ఆధార్ నకళ్లు వీలైతే సంపాదించండి. సంక్రాంతినాడు బస్టాండులో ఏం జరిగిందో, ఏ తేదీన ఏ ఫోనులో ఏం విన్నారో మీ చేతిరాతతో రాసి పెట్టుకోండి. మాస్టారి చేతిరాత కోర్టులో చదవడానికి హాయిగా ఉంటుంది.

అమ్మాయి ఫోనుకు ఈ విషయాలేవీ పంపకండి. ఈ సమాధానం కూడా. స్పీకర్ పెట్టించే మనిషి ఫోనులో మెసేజీలు చదవకుండా ఉంటాడా?

ఈలోగా మీరు గుంటూరులో జిల్లా మహిళా, శిశు సంక్షేమ శాఖ కార్యాలయానికి వెళ్లి రక్షణాధికారిని కలవండి. హింస జరుగుతోందని నమ్మకమున్న ఎవరైనా ఆ అధికారికి సమాచారం ఇవ్వవచ్చని చట్టంలోని నాలుగో సెక్షన్ చెబుతుంది. మంచి మనసుతో ఇచ్చిన సమాచారానికి మీ మీద ఏ కేసూ రాదు. అమ్మాయి పేరు చెప్పకుండా ముందు విషయం మాట్లాడి రండి. ఆమె సరేనన్నాకే ఫిర్యాదు. హైదరాబాద్‌లో కాపురం కాబట్టి అక్కడే కేసు వేయాలేమోనని సందేహం వస్తుంది. అక్కర్లేదు. ఆమె మీ ఇంటికి వచ్చి తాత్కాలికంగా ఉంటున్నా మీ ప్రాంతం కోర్టులోనే దరఖాస్తు చేసుకోవచ్చు. రక్షణాధికారి దొరకలేదనో డి.ఐ.ఆర్. రాలేదనో ఆగిపోనక్కర్లేదు, న్యాయవాది ద్వారా నేరుగా మేజిస్ట్రేటుకు పెట్టుకోవచ్చు. డి.ఐ.ఆర్. లేకపోయినా ఉత్తర్వు ఇవ్వవచ్చని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. న్యాయవాదికి ఫీజు ఇవ్వలేనని వెనకాడకండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. వారి నంబరు 15100.

దరఖాస్తు పెట్టిన మూడు రోజుల్లో మొదటి విచారణ జరగాలని, అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. అరవై రోజుల్లో తేలిన కేసులు నేను చాలా తక్కువ చూశాను. కానీ మధ్యంతర ఉత్తర్వు త్వరగానే తెచ్చుకోవచ్చు. అవసరమైతే అవతలివారి వాదన వినకముందే మేజిస్ట్రేటు ఇవ్వవచ్చు. పాప తాత్కాలికంగా తల్లి దగ్గరే ఉండేలా కూడా అందులోనే అడగండి. భరణం కోసం ఇద్దరూ ఆస్తులు, ఆదాయం ప్రమాణపత్రంలో రాసి ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్నాళ్లూ ఆమె లెక్క చూపించింది, ఇక ఆయన కూడా చూపించాలి.

ఫ్లాటు వియ్యపురాలి పేరున ఉందని దిగులుపడ్డారు. అత్తమామల పేరున ఉన్న ఇల్లు కోడలికి ఉమ్మడి నివాసం కాదని 2006లో ఒక తీర్పు వచ్చింది. దాని వల్ల ఎందరో ఆడపిల్లలు రోడ్డున పడ్డారు. 2020 అక్టోబరులో ముగ్గురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ తీర్పు సరికాదంది. కాపురం చేసిన ఇల్లు ఎవరి పేరున ఉన్నా కోడలికి అక్కడ ఉండే హక్కు అడగవచ్చు. అది ఆస్తి హక్కు కాదు, శాశ్వతమూ కాదు. పెద్దవాళ్ల ఇబ్బంది కూడా కోర్టు చూస్తుంది, కావాలంటే వేరే ఇల్లు చూపించమంటుంది. మెడపట్టి గెంటడానికి మాత్రం వీల్లేదు.

అత్యవసరమైతే హైదరాబాద్‌లోనైనా మీ జిల్లాలోనైనా 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది, ప్రాణాపాయమనిపిస్తే 112. సఖి కేంద్రాల్లో కొద్దిరోజులు ఉండడానికి చోటు, వైద్యం, న్యాయ సలహా ఒకేచోట దొరుకుతాయి. ఈ మూడు పేర్లూ అమ్మాయికి కంఠతా రావాలి, ఎక్కడా రాసి పెట్టుకోకూడదు.

సర్దుకుపొమ్మన్నందుకు మీరు కుమిలిపోతున్నారని ఉత్తరంలో తెలుస్తూనే ఉంది. మీరొక్కరే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, భర్త భార్యను కొట్టడానికి చెప్పే కారణాల్లో కనీసం ఒక్కటైనా సబబేనన్న మహిళలు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నూటికి 80 మందికి పైనే. దెబ్బలనే సర్దుకుపోయే చోట నోటుపుస్తకం ఎవరికి కనిపిస్తుంది? మీకు కనిపించింది. అన్న మాటను వెనక్కి తీసుకోండి. అదీ ఆమె ముఖం చూస్తూ, ఫోనులో కాదు.

వచ్చే నెల పాప పుట్టినరోజు ఉంటే, లేదా ఏదో ఒక వంక దొరికితే, మీరిద్దరూ హైదరాబాద్ వెళ్లండి. అల్లుడితో మామూలుగానే ఉండండి. మీ ఇంటావిడ కూతురిని గుడికని ఒక అరగంట బయటికి తీసుకెళ్లాలి. ఆ అరగంటలో సలహాలు చెప్పవద్దు. పుస్తకం చూశామని చెప్పండి. నీ గది అలాగే ఉంచాం, పాపకు మంచం కూడా వేయించాం అని చెప్పండి. తర్వాత ఆమె ఏం చెబితే అది వినండి. ఆమె అడిగితేనే ఫారం సంగతి.